సాంస్కృతిక భేదాలు: భావ వినిమయం, సంఘర్షణ

నిర్వచనం, పరిధి

ఒక సమాజంలో పుట్టి పెరిగినవారు ప్రత్యేకంగా ఆలోచించకుండానే పాటించే మాటతీరు, మర్యాద, మౌనం, సమయపాలన, సంబోధన వంటి నియమాలు మరొక సమాజపు నియమాలకు భిన్నంగా ఉండడాన్ని సాంస్కృతిక భేదం అంటారు. ఇటువంటి భేదం గలవారి మధ్య సాగే మాటామంతీని, సంజ్ఞలను, రాతకోతలను కలిపి అంతర్‌సాంస్కృతిక భావ వినిమయం అని, ఆ నియమాలకు పొంతన కుదరక అపార్థం, అవమాన భావన, వైరం తలెత్తడాన్ని అంతర్‌సాంస్కృతిక సంఘర్షణ అని వ్యవహరిస్తారు. ఇక్కడ సంస్కృతి అనే మాటకు కళలు, సాహిత్యం అనే పరిమితార్థం వర్తించదు. బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ బర్నెట్ టైలర్ 1871లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం జ్ఞానం, విశ్వాసం, కళ, నీతి, చట్టం, ఆచారంతో పాటు సమాజ సభ్యుడిగా మనిషి అలవరచుకొన్న సామర్థ్యాలు, అలవాట్లు అన్నీ సంస్కృతిలో భాగమే.

భేదం ఉన్నంత మాత్రాన సంఘర్షణ పుట్టదు. ఎదుటివారి నియమం తెలియనప్పుడు వారి ప్రవర్తనను వారి స్వభావంగా అర్థం చేసుకోవడం, ఎవరి నియమం చెల్లాలో నిర్ణయించే అధికారం ఒక పక్షం చేతిలోనే ఉండడం అనే రెండు పరిస్థితులు తోడైనప్పుడు భేదం తగవుగా మారుతుంది.

అధ్యయన చరిత్ర

తన సమూహపు రీతులనే కొలబద్దగా తీసుకొని ఇతరులను తూచే ధోరణికి స్వజాతి కేంద్రకత అని పేరు. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త విలియం గ్రాహం సమ్నర్ 1906లో వెలువరించిన ‘ఫోక్‌వేస్’ గ్రంథం ఈ భావనకు ప్రచారం కల్పించింది. ఒక సంస్కృతిని ఆ సంస్కృతి విలువల వెలుగులోనే అర్థం చేసుకోవాలనే సాంస్కృతిక సాపేక్షతావాదాన్ని ఫ్రాంజ్ బోయస్, ఆయన శిష్యులు 20వ శతాబ్ది పూర్వార్ధంలో పెంపొందించారు. భాషా నిర్మాణం ఆలోచనను ప్రభావితం చేస్తుందనే సపీర్-వోర్ఫ్ ప్రతిపాదన కూడా ఈ పరంపరలోనిదే.

అంతర్‌సాంస్కృతిక భావ వినిమయం ఒక ప్రత్యేక అధ్యయన రంగంగా రూపొందింది రెండవ ప్రపంచ యుద్ధానంతరం. విదేశాలకు వెళ్లే అమెరికన్ దౌత్య సిబ్బందికి వాషింగ్టన్‌లోని ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ ఇచ్చిన మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టి. హాల్ (1914–2009), భాష నేర్చుకొన్నవారు కూడా పరాయి దేశంలో తడబడడానికి కాలం, దూరం, సంజ్ఞలకు సంబంధించిన అలిఖిత నియమాలు తెలియకపోవడమే కారణమని గుర్తించి, 1959లో ‘ది సైలెంట్ లాంగ్వేజ్’ ప్రచురించాడు. కొత్త సంస్కృతిలో అడుగుపెట్టినవారికి కలిగే కలవరాన్ని వర్ణించే ‘సాంస్కృతిక ఆఘాతం’ అనే పదబంధానికి 1950లలో కలెర్వో ఓబర్గ్ ప్రాచుర్యం తెచ్చాడు.

డచ్ పరిశోధకుడు గీర్ట్ హోఫ్‌స్టెడె (1928–2020), ఐబీఎం సంస్థ ఉద్యోగుల నుండి 1967–73 మధ్య సేకరించిన లక్షకు పైగా ప్రశ్నావళుల ఆధారంగా, 1980లో 40 దేశాల విలువలను నాలుగు కొలతలపై పోల్చాడు. హెచ్చుతగ్గులను సమాజం ఎంతవరకు సహజంగా అంగీకరిస్తుందో తెలిపేది అధికార దూరం. తెలియని పరిస్థితిని ఎంతవరకు భరించగలదో తెలిపేది అనిశ్చితి విముఖత. వ్యక్తి ప్రాధాన్యం–సమూహ ప్రాధాన్యం, పురుషత్వం–స్త్రీత్వం అనేవి మిగిలిన రెండు. దీర్ఘకాలిక దృష్టి, భోగ–నిగ్రహాలు అనే కొలతలు తరువాత చేరాయి.

మరొక శాఖ ప్రత్యక్ష సంభాషణను రికార్డు చేసి విశ్లేషించింది. ఉత్తర భారతంలోను, మహారాష్ట్రలోను క్షేత్రపరిశోధన చేసిన జాన్ గంపర్జ్ (1922–2013) ఈ శాఖకు ఆద్యుడు. శ్రోతకు మాట ఉద్దేశాన్ని తెలిపే స్వరం, విరామం, ఊనిక వంటి గుర్తులను ఆయన సందర్భ సూచికలు అన్నాడు.

భావ వినిమయాన్ని ప్రభావితం చేసే అంశాలు

1. సందర్భం: హాల్ 1976లో ‘బియాండ్ కల్చర్’ గ్రంథంలో సంస్కృతులను అధిక సందర్భ, అల్ప సందర్భ సంస్కృతులుగా ఒక శ్రేణిలో అమర్చాడు. అధిక సందర్భ సంస్కృతిలో అర్థం ఎక్కువ భాగం మాటల్లో కాక, మాట్లాడేవారి బంధుత్వం, హోదా, పూర్వ పరిచయం, సన్నివేశాలలో ఇమిడి ఉంటుంది. జపాన్, అరబ్ దేశాలను ఆయన ఇందుకు ఉదాహరించాడు. అల్ప సందర్భ సంస్కృతిలో చెప్పవలసినదంతా మాటల్లోనే స్పష్టంగా చెప్పాలి. జర్మన్ భాషీయులైన స్విస్ ప్రజలు, జర్మన్లు, స్కాండినేవియన్లు ఈ కొసన ఉంటారు. మొదటి కొసన ఉన్నవారికి రెండవవారి సూటిదనం మోటుగాను, రెండవవారికి మొదటివారి డొంకతిరుగుడు కపటంగాను కనిపించడం తరచు సంభవించే అపార్థం.

2. పరువు: ఇతరుల ఎదుట మనిషి నిలబెట్టుకోదలచిన గౌరవప్రదమైన రూపాన్ని సామాజికశాస్త్రంలో ‘ముఖం’ అంటారు. చైనీయుల భావన నుండి కూడా ప్రేరణ పొంది ఎర్వింగ్ గాఫ్‌మన్ 1955లో దీనిని విశ్లేషించాడు. తెలుగులో మొహం చెల్లకపోవడం, తలవంపులు, పరువు పోవడం వంటి నుడికారాలు ఈ భావననే సూచిస్తాయి. పెనెలపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ ఇంగ్లీషు, మెక్సికోకు చెందిన త్సెల్తాల్, దక్షిణ భారతానికి చెందిన తమిళం అనే మూడు భాషల సామగ్రితో 1978లో మర్యాద సిద్ధాంతాన్ని రూపొందించారు. ఆజ్ఞాపించడం, విమర్శించడం, నిరాకరించడం వంటి పనులు ఎదుటివారి పరువుకు ముప్పు తెస్తాయని, ఆ ముప్పును తగ్గించడానికే భాషల్లో మర్యాద రూపాలు ఏర్పడ్డాయని వారి ప్రతిపాదన.

3. సంబోధన, సర్వనామాలు: నువ్వు–మీరు, వాడు–అతను–ఆయన–వారు అనే మెట్లున్న తెలుగులో, ప్రతి వాక్యంలోను మాట్లాడేవారు ఎదుటివారి స్థానాన్ని నిర్ణయించవలసి వస్తుంది. ఒకే మధ్యమ పురుష సర్వనామంతో సరిపెట్టే నేటి ఇంగ్లీషులో ఆ పని పేరు, బిరుదు, స్వరం చేస్తాయి. శ్రోతను కలుపుకొనే ‘మనం’, కలుపుకోని ‘మేము’ అనే భేదం కూడా అటువంటిదే. ఒక ఊరివాడు మరొకరితో ‘మా ఊరు’ అనడానికి, ‘మన ఊరు’ అనడానికి మధ్య ఉన్న ఆత్మీయతా భేదం, ఆ తేడా లేని భాషలోకి సులభంగా దిగదు.

4. కాలం: ఒక వేళకు ఒకే పని అనే ఏకకార్య దృష్టిని, పనికంటే మనుషులకు ప్రాధాన్యమిచ్చి ఒకేసారి పలు పనులు నడిపే బహుకార్య దృష్టిని హాల్ వేరుచేశాడు. మొదటి దృష్టిలో ఆలస్యం అగౌరవం. రెండవ దృష్టిలో ఇంటికి వచ్చినవారిని వదిలి గడియారం చూసుకొని లేవడమే అగౌరవం.

5. దూరం, స్పర్శ, సంజ్ఞ: అమెరికా ఈశాన్య తీరపు మధ్యతరగతి వయోజనులను ప్రధానంగా పరిశీలించి హాల్ 1966లో మనుషుల మధ్య దూరాన్ని నాలుగు వలయాలుగా విభజించాడు: సుమారు 45 సెంటీమీటర్ల వరకు సన్నిహిత దూరం, 1.2 మీటర్ల వరకు వ్యక్తిగత దూరం, 3.6 మీటర్ల వరకు సామాజిక దూరం, ఆపైన బహిరంగ దూరం. ఈ అంకెలు సార్వత్రికం కావని ఆయనే హెచ్చరించాడు. తల పంకించడం వంటి సంజ్ఞలకూ ఒకే అర్థం లేదు. బల్గేరియాలో తల నిలువుగా ఊపడం నిరాకరణను, అడ్డంగా ఊపడం అంగీకారాన్ని సూచిస్తాయి. దక్షిణాసియాలో తలను పక్కలకు వాల్చి ఆడించడం సందర్భాన్ని బట్టి అంగీకారం, వింటున్నాననే సూచన, మర్యాద కావచ్చు.

6. మౌనం: అపరిచితులను కలిసినప్పుడు, ఎదుటివారు కోపంలోనో దుఃఖంలోనో ఉన్నప్పుడు, సంబంధం ఎటు తేలుతుందో తెలియని సందర్భాల్లో పశ్చిమ అపాచీలు మౌనం వహిస్తారని కీత్ బాసో 1970లో వివరించాడు. మౌనాన్ని అయిష్టంగానో, అర్ధాంగీకారంగానో భావించే సమాజాలవారు ఆ మర్యాదను పొరపాటుగా గ్రహించే అవకాశం ఉంది.

7. కృతజ్ఞత, నిరాకరణ: తెలుగు ఇళ్లలో సొంతవారికి ధన్యవాదాలు చెప్పడం వాడుకలో లేదు; చెబితే దూరం పెట్టినట్లు ధ్వనిస్తుంది. అడిగినదానికి ‘కాదు’ అని తెగేసి చెప్పకుండా ‘చూద్దాంలెండి’ అనడం చాలా సందర్భాల్లో సున్నితమైన నిరాకరణ. దీనిని అక్షరార్థంలో హామీగా తీసుకొన్న పరాయివారు తరువాత మాట తప్పారని భావించవచ్చు.

అపార్థం సంఘర్షణగా మారే క్రమం

భాషలో వ్యాకరణ దోషాన్ని శ్రోత పరాయితనంగా గుర్తించి సర్దుకుంటాడు గాని, మర్యాదకు సంబంధించిన దోషాన్ని పొగరు, నిర్లక్ష్యం, కపటం వంటి స్వభావ లోపంగా చూస్తాడు. గంపర్జ్ విశ్లేషించిన ఒక ఉదాహరణ ఈ రంగంలో ప్రసిద్ధం. బ్రిటన్‌లో ఒక పెద్ద విమానాశ్రయపు సిబ్బంది భోజనశాలలో కొత్తగా చేరిన భారతీయ, పాకిస్తానీ మహిళలు దురుసుగా ఉన్నారనే ఫిర్యాదు వచ్చింది. వడ్డించేటప్పుడు ‘గ్రేవీ’ అనే ఒక్క మాటను బ్రిటిష్ సిబ్బంది స్వరం పైకెత్తి ‘వేయమంటారా’ అనే ప్రశ్నగా పలికితే, ఈ మహిళలు తమ భాషల అలవాటు ప్రకారం స్వరం దించి పలికేవారు. అది శ్రోతలకు ‘ఇదిగో, కావాలంటే తీసుకో’ అన్నట్లు వినిపించింది. రికార్డు వినిపించి తేడా వివరించేవరకు రెండు పక్షాలూ దానిని శత్రుభావంగానే అర్థం చేసుకొన్నాయి.

ప్రవర్తనకు కారణాలను ఆపాదించే తీరులోనూ సంస్కృతి ప్రభావం కనిపిస్తుంది. జోన్ మిల్లర్ 1984లో మైసూరు, షికాగో నగరాలవారిని పోల్చినప్పుడు, అమెరికన్ వయోజనులు ఇతరుల చర్యలకు వారి స్వభావాన్ని, భారతీయ హిందూ వయోజనులు పరిస్థితులను, సంబంధాలను ఎక్కువగా కారణాలుగా చెప్పారు. చిన్నపిల్లల్లో ఈ తేడా అంతగా కనిపించలేదు. దీనివల్ల ఇటువంటి ఆపాదన పుట్టుకతో వచ్చేది కాదని, పెంపకంలో అలవడేదని తేలుతుంది.

వ్యక్తుల మధ్య మొదలైన అపార్థం సమూహాలకు పాకడంలో గుర్తింపు పాత్ర వహిస్తుంది. హెన్రీ తాజ్‌ఫెల్ 1970 దశకంలో జరిపిన ప్రయోగాల్లో, అర్థం లేని ప్రాతిపదికపై విభజించినా మనుషులు తమ జట్టుకే మొగ్గు చూపారు. ఇప్పటికే ఉద్యోగాలు, భూమి, నీరు, ప్రాతినిధ్యం వంటి విషయాల్లో పోటీ ఉన్నచోట భాష, యాస, వేషం, ఆహారం ఈ జట్లకు సులభమైన గుర్తులవుతాయి.

సంఘర్షణ పట్ల వైఖరులు

తగవును ఎదుర్కొనే తీరును కెన్నెత్ థామస్, రాల్ఫ్ కిల్‌మన్ 1974లో ఐదు విధాలుగా వర్గీకరించారు: పోటీ పడడం, సహకరించడం, రాజీపడడం, తప్పుకోవడం, తగ్గి ఉండడం. ఈ వర్గీకరణలో తప్పుకోవడం అంటే తనను గాని ఎదుటివారిని గాని పట్టించుకోకపోవడం. స్టెల్లా టింగ్-టూమీ 1980 దశకంలో ప్రతిపాదించిన పరువు పరిరక్షణ సిద్ధాంతం దీనికి సవరణ తెచ్చింది. సమూహ ప్రాధాన్యం గల సంస్కృతుల్లో తప్పుకోవడం, తగ్గి ఉండడం ఎదుటివారి పరువు కాపాడే ప్రయత్నాలని, వ్యక్తి ప్రాధాన్యం గల సంస్కృతుల్లో సొంత పరువుపై దృష్టి ఎక్కువ కనుక సూటిగా తేల్చుకోవడానికే మొగ్గుతారని ఆమె వాదం.

మధ్యవర్తిపై అంచనాలూ వేరు. ఏ పక్షంతోనూ సంబంధం లేని తటస్థుడే మధ్యవర్తిగా తగినవాడని పాశ్చాత్య వృత్తి నిపుణులు భావిస్తారు. ఇరుపక్షాలనూ ఎరిగి, వారి నమ్మకం పొందిన లోపలి మనిషే తగినవాడని అనేక సమాజాలు భావిస్తాయని పాల్ వేర్, జాన్ పాల్ లెడెరాక్ 1991లో మధ్య అమెరికా అనుభవం ఆధారంగా చూపారు. తెలుగు పల్లెల్లో రచ్చబండ దగ్గర పెద్దమనుషులు చేసే పంచాయితీ ఈ రెండవ పద్ధతికి చెందినది. సంబంధాలు తెగకుండా తగవు తీర్చడం దీని బలం కాగా, కులం, లింగం, ఆస్తి విషయాల్లో బలహీన పక్షానికి న్యాయం దక్కకపోయే ప్రమాదం దీనిపై ఉన్న ప్రధాన విమర్శ.

చారిత్రక ఉదాహరణలు

మకార్ట్‌నీ రాయబారం (1793): చైనా ఛింగ్ వంశ చక్రవర్తి ఛ్యెన్‌లుంగ్ సభకు వాణిజ్య విజ్ఞప్తులతో వచ్చిన బ్రిటిష్ రాయబారి జార్జ్ మకార్ట్‌నీ, నేలకు నుదురు తాకించే సాష్టాంగ వందనానికి అంగీకరించక, తన రాజుకు చేసినట్లే ఒక మోకాలిపై వంగుతానన్నాడు. ఒకరికి ఆచారమైనది మరొకరికి సార్వభౌమత్వ ప్రశ్న అయింది. అయితే వాణిజ్య విజ్ఞప్తుల తిరస్కరణకు ఈ వివాదమే కారణమనడాన్ని చరిత్రకారులు అంగీకరించడం లేదు. ఛింగ్ పాలకుల వాణిజ్య విధానం అంతకు ముందే స్థిరపడి ఉంది.

వైతంగి ఒప్పందం (1840): ఫిబ్రవరి 6న న్యూజీలాండ్‌లో బ్రిటిష్ ప్రతినిధులు, మావోరీ పెద్దలు చేసుకొన్న ఈ ఒప్పందపు ఇంగ్లీషు ప్రతిలో సార్వభౌమాధికారాన్ని బదిలీ చేసినట్లుండగా, అత్యధిక పెద్దలు సంతకం చేసిన మావోరీ ప్రతిలో ఆ స్థానంలో ‘కావనతంగ’, అంటే పరిపాలన, అనే మాట ఉంది; తమ భూములపై పెద్దరికం తమకే ఉంటుందని కూడా ఆ ప్రతి హామీ ఇచ్చింది. ఈ వ్యత్యాసం నుండి పెరిగిన వివాదాల విచారణకు 1975లో వైతంగి ట్రిబ్యునల్ ఏర్పడింది.

వుచాలె ఒప్పందం (1889): ఇటలీ, ఇథియోపియాల మధ్య కుదిరిన ఈ ఒప్పందంలోని 17వ అధికరణం, అంహారిక్ ప్రతి ప్రకారం, ఇథియోపియా చక్రవర్తి ఇతర రాజ్యాలతో వ్యవహారాలకు ఇటలీ సాయం తీసుకోవచ్చునని, ఇటాలియన్ ప్రతి ప్రకారం తీసుకోవలసిందేనని చెప్పింది. ఇటలీ దీనిని ఆధారం చేసుకొని ఇథియోపియా తన రక్షిత రాజ్యమని ప్రకటించగా రెండవ మెనెలిక్ ఒప్పందాన్ని రద్దు చేశాడు. 1896 మార్చి 1న అడ్వా యుద్ధంలో ఇటలీ ఓడిపోయింది. అనువాద భేదం యాదృచ్ఛికమా, ఉద్దేశపూర్వకమా అనేది వివాదాంశం.

అవియాంకా విమాన ప్రమాదం (1990): జనవరి 25న కొలంబియా నుండి న్యూయార్క్ వస్తున్న 52వ నంబరు విమానం ఇంధనం అయిపోయి కూలి 73 మంది మరణించారు. సిబ్బంది ‘ప్రాధాన్యం’ కోరారు గాని, నియంత్రణ కేంద్రం తక్షణం స్పందించడానికి అవసరమైన ‘ఎమర్జెన్సీ’ అనే పదం వాడలేదు. అధికారం పట్ల విధేయతే ఇందుకు కారణమని కొందరు వ్యాఖ్యాతలు భావించగా, అధికారిక దర్యాప్తు ఇంధన నిర్వహణ, సమాచార లోపాలను ప్రధాన కారణాలుగా పేర్కొంది.

తెలుగు ప్రాంతాలలో

ఒకే భాషలోని ప్రాంతీయ భేదాలకూ పై సూత్రాలు వర్తిస్తాయి. సెలవు తీసుకొనేటప్పుడు తెలంగాణలో ‘పోయొస్త’ అనడం సహజ మర్యాద. ‘వెళ్లొస్తాను’ అనే అలవాటు గల కోస్తా శ్రోతకు ‘పోవు’ ధాతువు మోటుగానో అశుభంగానో తోచవచ్చు. పెద్దలను ‘నువ్వు’ అనడం కొన్ని ప్రాంతాల, కుటుంబాల వాడుకలో చనువుకు, ఆప్యాయతకు గుర్తు కాగా, వేరొకచోట అమర్యాద. కోస్తా జిల్లాల శిష్ట వ్యవహారం పాఠ్యపుస్తకాలకు, పత్రికలకు ప్రమాణం కావడంతో ఈ భేదం కేవలం వైవిధ్యంగా మిగలలేదు. తమ యాసను సినిమాల్లో హాస్య పాత్రలకు, ప్రతినాయకులకు కేటాయించి చిన్నచూపు చూశారనేది తెలంగాణ ఉద్యమకారుల ఫిర్యాదులలో ఒకటి. స్థానికులకే ఉద్యోగాలు కావాలన్న 1952 నాటి ముల్కీ ఆందోళన మొదలుకొని, 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నేతలు చేసుకొన్న పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం మీదుగా 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర ఆవిర్భావం వరకు సాగిన ఈ చరిత్రలో నీళ్లు, నిధులు, నియామకాలే ప్రధానాంశాలు. భాషా గౌరవం వాటికి తోడైంది.

భేదం ఉన్నా సహజీవనం సాధ్యమనడానికి మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా కుప్వాడ్ గ్రామాన్ని ఉదాహరిస్తారు. గంపర్జ్, రాబర్ట్ విల్సన్ 1971లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అక్కడ మరాఠీ, ఉర్దూ, కన్నడం, కొంతమేరకు తెలుగు మాట్లాడేవారు శతాబ్దాల పాటు కలిసి బతకడంతో ఆ భాషల వాక్యనిర్మాణాలు దాదాపు ఒకే మూసలోకి వచ్చాయి. అయినా ప్రతి సమూహం తన పదజాలాన్ని, తద్వారా తన గుర్తింపును నిలుపుకొంది.

నివారణ, పరిష్కార పద్ధతులు

సమూహాల మధ్య పరిచయం పెరిగితే దురభిప్రాయం తగ్గుతుందనే సంపర్క సిద్ధాంతాన్ని గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రతిపాదించాడు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, అధికారుల లేదా చట్టం మద్దతు ఉన్నప్పుడు సంపర్కం ఎక్కువ ఫలితమిస్తుందని ఆయన చెప్పాడు. మిల్టన్ బెన్నెట్ 1986లో సాంస్కృతిక స్పృహ ఎదుగుదలను నిరాకరణ, ఆత్మరక్షణ, తేడాను తక్కువ చేసి చూడడం, అంగీకారం, అనుసరణ, సమన్వయం అనే ఆరు దశలుగా వర్ణించాడు. ‘మనుషులంతా ఒకటే’ అనే సద్భావన ఇందులో మూడవ దశ మాత్రమే కావడం గమనార్హం. తన రీతినే అందరి రీతిగా భావించే అవకాశం ఆ దశలో ఇంకా మిగిలి ఉంటుంది.

ఆచరణలో వ్యాఖ్యాతల నియామకం, రెండు భాషల ప్రతులను తిరిగి మూలభాషలోకి అనువదించి సరిచూడడం, అర్థమైనదానిని ఎదుటివారి చేత మళ్లీ చెప్పించుకోవడం, పదజాలాన్ని ముందే స్థిరీకరించడం ప్రధాన సాధనాలు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పైలట్లకు, నియంత్రణాధికారులకు ఇంగ్లీషు ప్రావీణ్య స్థాయిని 2008 నుండి తప్పనిసరి చేసింది. సాంస్కృతిక వైవిధ్యంపై యునెస్కో సార్వత్రిక ప్రకటన 2001 నవంబరు 2న వెలువడింది.

విమర్శలు, పరిమితులు

హోఫ్‌స్టెడె అధ్యయనంలో ఒకే సంస్థ ఉద్యోగులను దేశానికంతటికీ ప్రతినిధులుగా తీసుకోవడాన్ని, దేశాన్నీ సంస్కృతినీ ఒకటిగా చూడడాన్ని బ్రెండన్ మెక్‌స్వీనీ 2002లో తీవ్రంగా విమర్శించాడు. జాతీయ సగటును వ్యక్తికి ఆపాదించరాదని హోఫ్‌స్టెడె స్వయంగా చెప్పినా, శిక్షణ తరగతుల్లో ఆ జాగ్రత్త తరచు లోపిస్తుంది. హాల్ సందర్భ శ్రేణికి తగినంత ప్రయోగాత్మక ఆధారం లేదనే ఆక్షేపణ కూడా ఉంది. ఇతర సమాజాల వర్ణనలోనే అధికార సంబంధం దాగి ఉంటుందని ఎడ్వర్డ్ సయీద్ ‘ఓరియంటలిజం’ (1978) గ్రంథంలో వాదించాడు. మనిషికి ఒకేసారి అనేక గుర్తింపులు ఉంటాయని, వాటిలో ఒక్కదానికే కుదించడం హింసకు దారి తీస్తుందని అమర్త్య సేన్ 2006లో వివరించాడు. వేతనాలు, వివక్ష, భూమి వంటి భౌతిక కారణాలున్న తగవును ‘సాంస్కృతిక అపార్థం’గా ముద్రవేస్తే బాధిత పక్షం ఫిర్యాదు మరుగున పడుతుందనేది మరొక ముఖ్యమైన హెచ్చరిక.

ప్రాముఖ్యం

వలసలు, బహుళజాతి సంస్థలు, అంతర్జాతీయ విద్య, వైద్యం, న్యాయస్థానాలు విస్తరించడంతో ఈ అధ్యయనం దౌత్య శిక్షణ పరిధి దాటి నిత్యజీవిత అవసరమైంది. ఎవరి నియమం సరైనదో తేల్చడం దీని లక్ష్యం కాదు. తగవు ఎదురైనప్పుడు అది తెలియని నియమం వల్ల వచ్చిందా, ప్రయోజనాల పోటీ వల్ల వచ్చిందా, ఒకరి నియమాన్ని మరొకరిపై రుద్దడం వల్ల వచ్చిందా అని వేరుచేసి చూడడానికి ఇది ఉపకరిస్తుంది. ఎందుకంటే మొదటిదానికి వివరణ, రెండవదానికి బేరసారాలు, మూడవదానికి హక్కుల రక్షణ వేర్వేరు పరిష్కారాలు.

ఇవి కూడా చూడండి: అనువాదం, తెలుగు మాండలికాలు, మధ్యవర్తిత్వం, మర్యాద, ముల్కీ నిబంధనలు, సంజ్ఞలు, స్వజాతి కేంద్రకత.